బండ మోగిన రోజు

రేడియో చెప్పినప్పుడు మేం నమ్మలేదు.
రేడియో ఇదివరకు రెండుసార్లు చెప్పింది.
రెండోసారి నమ్మి ఇంటికి రేకులు వేయించినవాళ్ళు
ఆ రేకులే నెత్తిన పెట్టుకుని పారిపోయారు.

ఈసారి మా అవ్వ కసిండా
ఎవర్నీ ఏమీ అడగలేదు.
నాలుగు రోజులు చూసింది.
ఐదోనాడు తెల్లారకముందే
నానిన మొక్కజొన్న గంప నా తలకెత్తి
"బండ దగ్గరికి పద,
నేను అడుగేసిన చోటే అడుగెయ్యి" అంది.

చింగువార్ అవతల
రైలు పట్టాలు గడ్డిలో మునిగిపోయిన చోట
ఏనుగు పడుకున్నట్టు నల్లరాయి.
దాని వీపు నిండా గుంతలు, ఇంటికొకటి.
తల్లి మోకాళ్ళు అరిగిన చోటే కూతురి మోకాళ్ళు.
నేను పుట్టాక అది మోగలేదు.
దంపుడు చప్పుడు కొండ దాటి పోతుందట.
చప్పుడుంటే పిండి ఉందని,
పగలు వాళ్ళొచ్చేవాళ్ళు, రాత్రి వీళ్ళు.
అందుకే మా ఊరు
గింజల్ని గింజల్లాగే ఉడకేసుకుని
పళ్ళతో దంచుకుంది ఇన్నేళ్ళూ.
పళ్ళు లేనివాళ్ళు ముందు పోయారు.

నా పేరు నవీటా.
యుద్ధంలో పుట్టినందుకు పెట్టిన పేరు.
ఈ వారంలోనే ముగ్గురు అడిగారు, ఇంక మార్చుకోవా అని.
పంతొమ్మిదేళ్ళు పలికిన పేరు,
కుక్కపిల్లకైనా అంత తొందరగా మార్చం.

గుంతల్లో వాన నీళ్ళు, తోకకప్పలు.
మా గుంతలో మూడు తూటా గొట్టాలు, పచ్చబారి.
అవ్వ వాటిని బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరి
నడుం గుడ్డ కొసతో గుంత తుడిచింది.

తర్వాత పక్క గుంత కూడా తుడిచింది.
అది చిలొంబో వాళ్ళది.
వాళ్ళ పెద్దాడు అవతలి సైన్యం, మా చిన్నాన్న ఇవతలిది.
ఇద్దరూ ఒక్క సైకిలు మీద బడికి వెళ్ళినవాళ్ళు.
ముసలం పుట్టిందంటారే, అలా పుట్టింది మా మధ్య.
ఎవరి కడుపున పుట్టిందో ఇవాళ్టికీ ఎవరూ ఒప్పుకోరు.

"వాళ్ళది నువ్వెందుకు తుడవడం?"
"నీళ్ళు నిలిస్తే రాయి పాడవుతుంది."
రాయి పాడవదు. అవ్వకీ తెలుసు.

మొదటి పోటు పడింది.
నేను నేలకి కరుచుకుపోయాను
చెవులు మూసుకుని, నోరు తెరుచుకుని,
అమ్మ నేర్పినట్టే.
గంప బోర్లాపడి గింజలు బండంతా.
అవ్వ నవ్వింది.
నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.
రోకలి కింద పెట్టి
నా చెవి మీది చెయ్యి తీసి రాతికి ఆనించి
మళ్ళీ దంచింది, ఈసారి మెల్లగా.
అరచేతిలోకి వచ్చింది చప్పుడు,
రాతి లోపల్నించి ఎవరో వట్టి కాళ్ళతో నడిచొస్తున్నట్టు.

పొద్దెక్కేసరికి దారి మీద గంపలు.
మూడు. కాసేపటికి ఏడు.
ఎవరూ పాడలేదు.
దంపుడుకి పాటలుండేవట,
మొదటి చరణం గుర్తున్నవాళ్ళకి రెండోది గుర్తులేదు.
అందరికన్నా చివర చిలొంబో వచ్చింది.
తన గుంత పొడిగా ఉండటం చూసింది.
ఎవరు తుడిచారని అడగలేదు.
మాకు వీపు తిప్పి కూర్చుని
మా పోటుకీ పోటుకీ మధ్య
తన పోటు వేసింది.

పద్నాలుగు గుంతల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి.
తుడవనా అన్నాను.
"వద్దు. కప్పల్ని పెరగనీ.
వానలు తగ్గేదాకా చూద్దాం, ఎవరైనా వస్తారేమో."

తిరిగొస్తుంటే కొండ అవతల ఎక్కడో
ఢమ్మంది.
ఇద్దరం ఆగిపోయాం.
తలమీది ఫూబా పిండి నా కనురెప్పల మీదకి రాలింది.
ఒక్కటే అయితే ఏమైనా కావచ్చు.
అంతే ఎడంలో ఇంకొకటి పడితే
రోకలి.

అవ్వ వేలు పైకెత్తి నిలబడింది.
నేను ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నాను.